డాక్టరు రాసివ్వకముందే

సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ చుట్టుపక్కల పొద్దున్నే నడిచేవాళ్లలో ఎవరినైనా ఆపి, ఎందుకు నడుస్తున్నారని అడిగి చూడండి. “షుగర్ వచ్చింది” అంటారు. “బీపీ ఉంది, డాక్టర్ సాబ్ నడవమన్నడు” అంటారు. “స్టెంట్ వేసిన్రు”, “థైరాయిడ్ అక్కా, బరువు తగ్గమన్నరు”, “మోకాళ్లు పట్టేస్తున్నయ్”. ఉస్మానియా క్యాంపస్ చెట్ల కింద నడిచే తార్నాక, సీతాఫల్‌మండి వాళ్లదీ ఇదే మాట. పొద్దుటి గాలి నాకిష్టం, ఈ అరగంట నాది, అందుకే వస్తున్నాను అని చెప్పేవాళ్లు ఎప్పుడో గానీ తగలరు. అలా అనుకునేవాళ్లు లేక కాదు. పైకి అంటే వినేవాళ్లు ఏమనుకుంటారో అని.

మాది రైల్వే కుటుంబం. మెట్టుగూడ క్వార్టర్స్‌లో పెరిగాను. అక్కడ పిల్లలకు కూడా తెలిసిన మాట ‘సిక్ మెమో’. ఒంట్లో బాగాలేని ఉద్యోగి ఊరికే ఇంట్లో పడుకోవడానికి లేదు. పై అధికారి దగ్గర మెమో తీసుకుని లాలాగూడ రైల్వే ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు చూసి ‘సిక్’లో పెడతాడు. మళ్లీ డ్యూటీ ఎక్కాలంటే ఫిట్ సర్టిఫికెట్ కావాలి. రైళ్లు నడిపే సంస్థకు ఆ లెక్క అవసరమే, కాదనను. మన ఇళ్లలోనూ అదే పద్ధతి ఎందుకు నడుస్తోందన్నదే నా ప్రశ్న. మనిషి తన ఒంటిని, మనసును కాస్త పట్టించుకోవాలంటే ముందు జబ్బు చేయాలి, డాక్టరు రాసివ్వాలి, ఇంటిల్లిపాదీ ఆ కాగితం చూడాలి. అప్పుడు గానీ నడకకు చెప్పులు కొనరు.

మధ్యాహ్నం రెండింటికి ఇంటి ఇల్లాలు మంచం మీద నడుం వాల్చిందనుకోండి. దాటి వెళ్లే ప్రతివాళ్లూ “ఏమైంది, ఒంట్లో బాగాలేదా?” అని అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. ఆవిడ “కాస్త తలనొప్పిగా ఉంది” అంటుంది. తలనొప్పేమీ ఉండదు. పడుకోవాలనిపించి పడుకుంది, అంతే. కానీ ఆ కారణం చెల్లదని ఆవిడకు తెలుసు, చెల్లే కారణం ఏదో కూడా తెలుసు.

2023 జూన్‌లో భారత వైద్య పరిశోధన మండలి వాళ్ల ఇండియాబ్ అధ్యయనం వెలువడింది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని లెక్క తేల్చారు. పత్రికలన్నీ ఆ అంకెనే పెద్దక్షరాల్లో వేశాయి. నాకు మాత్రం దాని పక్కనున్న రెండో అంకె మీదే చూపు నిలిచిపోయింది. మరో 13.6 కోట్ల మంది ఆ జబ్బు గడప దగ్గర ఉన్నారట. నడిస్తే, తిండి కాస్త మార్చుకుంటే వీళ్లలో చాలామంది వెనక్కి మళ్లవచ్చు. కానీ వీళ్లకింకా మెమో రాలేదు. కాబట్టి నడవరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల శారీరక శ్రమ ఉండాలంటుంది. ఏడు రోజులకు పంచితే రోజుకు ఇరవై రెండు నిమిషాలు కూడా నిండవు.

ఆ ఇరవై రెండు నిమిషాలు ఎవరి దగ్గరున్నాయన్నది వేరే కథ. కేంద్ర గణాంక శాఖ 2024 కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్లను చూస్తే, ఆడవాళ్లకు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లకు 88 నిమిషాలు పడుతోంది. అదే సర్వేలో తన సంరక్షణకు పెట్టుకునే సమయం అని ఒక పద్దు ఉంది. అందులో మాత్రం ఇద్దరికీ దాదాపు సమానంగా పన్నెండు గంటలకు కాస్త తక్కువ వచ్చింది. చూసి సంతోషపడబోయాను. నిద్ర, తిండి, స్నానం అన్నీ అందులోనే కలిపారు. పాలవాడి గంట కోసం ఒక చెవి తలుపు దగ్గర పెట్టి పడుకునే నిద్ర కూడా ఆ పద్దులో తన సంరక్షణే. అందరికీ వడ్డించి, చల్లారిన అన్నం గిన్నెలోనే కలుపుకుని తినేదీ ఆ లెక్కలోకే వస్తుంది.

బజారులో ‘సెల్ఫ్ కేర్’ పేరుతో అమ్ముతున్న సరుకు సంగతి ఎక్కువ చెప్పను. మారేడుపల్లిలో, ఎస్.డి. రోడ్డులో బోర్డులు మీరూ చూస్తూనే ఉన్నారు. అయితే పార్లర్‌కు వెళ్లేవాళ్లను వెక్కిరించడం నాకు నచ్చదు. పెళ్లయ్యాక తన తలను మరొకరి చేతుల్లో పెట్టి కళ్లు మూసుకునే కుర్చీ చాలామంది ఆడవాళ్లకు అదొక్కటే. అమెరికాలో నల్లజాతి కవయిత్రి ఆడ్రి లార్డ్ క్యాన్సర్‌తో బతుకుతూ 1988లో ‘ఎ బరస్ట్ ఆఫ్ లైట్’ పుస్తకం తెచ్చింది. తనను తాను కాపాడుకోవడం ఆమెకు పోరాటంలో ఒక భాగం. ఆ ఆలోచన ముప్పై ఏళ్లలో నడిచి నడిచి ఫేస్‌ప్యాక్ డబ్బా మీదకు చేరింది. వ్యాపారానికి సిగ్గు ఉండదు.

నా సాధన తలంటు. వారంవారం, శనివారం పొద్దున.

నవ్వకండి, అదొక పనితనం. ముందురోజు రాత్రి కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్లలో నానేయాలి. పొద్దున్నే చేత్తో పిసికితే నురగ వస్తుంది. పలచని గుడ్డలో వడగట్టుకోవాలి, లేకపోతే పిప్పి జుట్టులో చిక్కుకుని సాయంత్రం దాకా రాలుతుంది. నువ్వుల నూనె నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. వేడినీళ్ల గిన్నెలో నూనె గిన్నె కూర్చోబెడితే చాలినంత గోరువెచ్చనవుతుంది. మాడు మీద మొదలు. ఆ తర్వాత చెవుల వెనక, మెడ, మోచేతులు, మోకాళ్లు, చివరికి అరికాళ్లు. అరికాళ్ల దగ్గర తొందరపడేవాళ్లకు తలంటు రాదని నా గట్టి అభిప్రాయం. ఓ అరగంట ఆగి సున్నిపిండితో నలుగు. పెసలు, శనగపప్పు, బావంచాలు, కచ్చూరాలు కలిపి పట్టించిన పిండి. సరుకంతా ఇప్పటికీ మోండా మార్కెట్ వైపు వెళ్తే దొరుకుతుంది. ఆపైన వేడినీళ్లు, సాంబ్రాణి పొగ, చారన్నం. ఆ తర్వాత వచ్చే నిద్రను ఆపడం ఎవరి తరమూ కాదు.

మా నానమ్మ ఇంట్లో పిల్లలందరికీ వరసగా పీటేసి తలంటేది. కొడుకులకు, అల్లుళ్లకు పండగ తలంట్లు ఉండేవి. అందరిదీ అయ్యాక తన చేతులకు అంటుకున్న జిడ్డును తన జుట్టుకే తుడుచుకునేది. ఆవిడ తలంటు అదే. ఎవరూ వద్దనలేదు, ఎవరూ గమనించనూ లేదు. నూనెకు కరువేమీ లేని ఇల్లే అది.

నేను శనివారం పది గంటల దాకా దొరకనని ఇంట్లో మొదటిసారి చెప్పినప్పుడు “ఏమన్నా పూజా?” అని అడిగారు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడింది. పూజ అంటే ఎవరూ తలుపు కొట్టరు. మన ఇళ్లలో ఎన్ని తరాల ఆడవాళ్లు కాసేపు ఒంటరిగా కూర్చోవడానికే పూజగదిలోకి వెళ్లి ఉంటారో! నోములూ ఉపవాసాలూ భర్త పేరన, పిల్లల పేరన. తన పేరన ఒక్కటీ ఉండదు గానీ, ఆ పేర్ల చాటున తనకంటూ ఓ గంట దొరికేది. తెలివైన ఏర్పాటే. నాకు మాత్రం ఇంకా ఆ చాటు అవసరమనిపించలేదు. “పూజ కాదు, తలంటు” అన్నాను. ఆ పూట టిఫిన్ మా ఆయన చేశారు. ఉప్మా అడుగంటింది. తిన్నాం. ఇప్పుడు బాగానే చేస్తారు.

ఇందులో నాకు అర్థమైంది ఒకటుంది. మిగిలిన సమయంలో చేద్దామనుకుంటే ఏదీ జరగదు, సమయం మిగలదు గనుక. ముందే చెప్పాలి, రోజు, గంట పెట్టుకోవాలి, ఆ గంటలో మన పని ఎవరు చేస్తారో కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఈ మూడోది లేకుండా తనను తాను ప్రేమించుకోవడం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఉపయోగం లేదు. ఇక్కడ ఇంకో మాట. నాకు దొరికిన గంటలో అంట్లు తోమేది అడ్డగుట్ట నుంచి నడిచివచ్చే ఇంకొక మనిషైతే, ఆమెకూ ఒక శనివారం ఉండాలి. పనమ్మాయికి వారానికో రోజు జీతంతో సెలవు ఇవ్వని ఇంట్లో కూర్చుని ఆత్మసంరక్షణ గురించి మాట్లాడటం అన్యాయం.

తన పేరన ఒక్కటీ ఉండదన్నాను గదా, సికింద్రాబాద్ లష్కర్ బోనాల్లోనూ అదే కనిపిస్తుంది. ఆ పండగ కథ ఈ ఊళ్లో అందరికీ తెలుసు. 1813లో జంటనగరాల్లో మహమ్మారి ప్రబలినప్పుడు, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉన్నాడు. ఊరు చల్లబడితే గుడి కట్టిస్తానని అమ్మవారికి మొక్కుకున్నాడు. 1815లో తిరిగొచ్చి ఇక్కడ విగ్రహం ప్రతిష్ఠించాడని ఆలయ చరిత్ర. ఊరి ఆరోగ్యం కోసం పుట్టిన పండగ. ఆషాఢంలో బోనమెత్తుకుని వరుసలో నిలబడ్డ ఆడవాళ్లతో మాట కలిపితే, ఇంటాయన పేరు చెబుతారు, కొడుకు ఉద్యోగం, బిడ్డ కాన్పు, చెల్లెలి సంసారం అన్నీ చెబుతారు. “మరి నీ కోసం ఏం మొక్కుకున్నవ్ అక్కా?” అంటే నవ్వుతారు. “వాళ్లు మంచిగుంటే నేను మంచిగున్నట్లే గదా” అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. పూర్తి నిజమూ లేదు.

మగవాళ్లకు ఈ బాధ లేదనుకుంటాం. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్లో ఒక్క చాయ్ మీద గంటలు గడపడానికి వాళ్లకు ఏ మెమో అక్కర్లేదు. క్రికెట్, రాజకీయం, భూముల ధరలు, అన్నీ ఆ బల్ల మీద తేలతాయి. “నాకు మనసు బాగాలేదురా” అన్న మాటే రాదు. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,70,924 మంది అని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. పదిమందిలో ఏడుగురు మగవాళ్లే. ఒంటి జబ్బుకు ఏదో ఒక రోజు కాగితం వస్తుంది. మనసుకు ఆ కాగితం కూడా రాదు. వచ్చినా ఇంట్లో చూపించరు.

ఈ ఊళ్లోనే, సింధీ కాలనీలో, 1997 నుంచి ‘రోష్ని’ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్లూ, దిగులుతో ఉన్నవాళ్లూ ఫోన్ చేస్తే వాలంటీర్లు వింటారు. ఈ తరహా సేవకు 1953లో లండన్‌లో చాడ్ వారా అనే చర్చి గురువు నాంది పలికాడు. మద్రాసులో ‘స్నేహ’ 1986లో మొదలైంది. వీళ్లందరి పద్ధతిలో నన్ను ఆకట్టుకున్నది సలహాలివ్వకపోవడం. తప్పొప్పులు తేల్చరు, మీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా అనరు, పేరు బయటపెట్టరు. వింటారు. మనం మన ఇంట్లోవాళ్లకు కూడా చేయలేని పని అది. అవతల మనిషి రెండు మాటలు చెప్పకముందే మనం “యోగా చెయ్యి” అనేస్తాం. ఇలాంటి లైన్లలో పనిచేసేవాళ్లు తాము విన్నదాని బరువు తోటివాళ్లతో మాట్లాడి దించుకోవాలన్నది కూడా ఆ పనిలో భాగమే. అంటే వినేవాళ్లను కూడా చూసుకునే ఏర్పాటు ముందే ఉంది. ఇళ్లలో అందరి గోడూ వినే అమ్మలకు అలాంటి ఏర్పాటు ఎవరు చేశారు?

చాలాకాలం చట్టం కూడా సాయం చేయలేదు. ఆత్మహత్యాయత్నం చేసి బతికినవాళ్లకు పాత శిక్షాస్మృతిలో 309 సెక్షన్ కింద ఏడాది వరకు జైలు రాసి ఉండేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వాళ్లను తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడాలని, వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యతని చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో ఆ పాత సెక్షన్ లేదు.

కాబట్టి నడకకైనా, తలంటుకైనా, ఒక మనిషితో మనసు విప్పి మాట్లాడటానికైనా డాక్టరు కాగితం కోసం ఆగకండి. ఈ వారం మీ గంట ఏదో ఇంట్లో చెప్పేయండి, కారణం అడిగితే తలనొప్పి అనకండి. నడుము కాక మనసే పట్టేసి ఉంటే, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.