ఎడ్లు లాగే ఇల్లు

అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవులొస్తే ఆర్వీ అద్దెకు తీసుకుని, ఏ స్టేట్ పార్కులోనో చెట్ల కింద రెండు రాత్రులు గడిపి వస్తున్నారు. పడక, పొయ్యి, నీడ అన్నీ చక్రాల మీదే. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల పెద్దవాళ్లు ఆ సుఖం గూడుబండిలో ఎరిగినవారే. వైశాఖంలోనో ఆశ్వయుజంలోనో ద్వారకా తిరుమల కల్యాణానికి బండి కట్టేవారు. ఏలూరు నుంచి నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. ఎడ్లు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి నడవవు కనుక మధ్యలో ఏ మామిడితోపులోనో రాత్రి మకాం తప్పేది కాదు.

ఆ బండిని నిలబెట్టింది చక్రం. నడుమ కుండ, దానిలో దిగ్గొట్టిన ఆకులు, వాటి కొసలను కలుపుతూ పూటీలు. వడ్రంగి నల్లతుమ్మ చేవ చూసి, బాగా ఆరిన చెక్కనే చెక్కుతాడు. పచ్చి చెక్కయితే ఎండకు అతుకులన్నీ వదులవుతాయి. ఆపైన కమ్మరి పని. ఇనుప పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువగా చేసి, పిడకల మంటలో కాలుస్తాడు. ఐదడుగుల చక్రపు పట్టా ఐదు వందల డిగ్రీలు వేడెక్కితే చుట్టుకొలత అంగుళం పైగా సాగుతుంది. ఎర్రగా ఉండగానే ఎక్కించి నీళ్లు పోస్తారు. పొగలు చిమ్ముతూ ఇనుము ముడుచుకుని, ప్రతి అతుకునూ లోపలికి నొక్కేస్తుంది. పట్టా మరీ బిగువైతే ఆకులు వంగుతాయి, వదులైతే నాలుగు ఊళ్లు దాటకముందే ఊడుతుంది. ఆ హద్దు కొలిచేది కమ్మరి కన్నే. ఇంతకంటే గొప్ప పనితనం మన పల్లెల్లో నాకు కనపడలేదు.

బరువు సర్దడం ఇంకో విద్య. ముందు బరువెక్కువైతే కాడి ఎడ్ల మెడలు నలిపేస్తుంది. వెనక ఎక్కువైతే నొగలు పైకి లేచి, మెడ కింది పలుపు గొంతుకు బిగుస్తుంది. అందుకే బియ్యం మూటలు ఇరుసుకు కొంచెం ముందుకు పెట్టి, మనుషులను అటూ ఇటూ జరిపి కూర్చోబెట్టేవారు. ఈనాటి ట్రెయిలర్ ఇళ్లకూ ఇదే సూత్రం. మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్లు ముందు కొక్కెం మీద పడాలంటారు. లేకపోతే బండి దారిలో ఊగిపోతుంది.

గూడు వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పినదే. తేలిక, గాలి ఆడుతుంది, చినుకు ఆగుతుంది. ఎడ్లను విప్పాక నొగల కింద ఊతకర్ర పెడితే బండి సమంగా నిలిచి పడకగది అవుతుంది. గడ్డి పరుపు మీద పిల్లలు, బండి కింద పెద్దలు.

మీ కొట్టంలో పాత బండి ఉంటే గేటు అలంకారానికి చక్రాలు ఊడదీయకండి. ముందు మీ ఊరి కమ్మరికీ వడ్రంగికీ చూపించి, అది ఎలా చేశారో పక్కన కూర్చుని రాసుకోండి.