జీడిగింజ, తోతాపురి, ఒక పుస్తకం

హా-జూన్ చాంగ్ ‘బ్యాడ్ సమారిటన్స్’ (2007) ఒక కల్పిత వార్తతో మొదలవుతుంది. సంవత్సరం 2061. జీడిగింజల వ్యాపారంతో మొదలైన ఒక మొజాంబిక్ కంపెనీ, హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్స్ చేసి ప్రపంచంలోని పెద్ద కంపెనీలకు చెమటలు పట్టిస్తూ ఉంటుంది. నవ్వొస్తుంది కదా? 1960లలో కొరియా గురించి చెప్పినా ఇలాగే నవ్వేవాళ్ళు. శాంసంగ్ కూడా 1938లో చేపలు, కూరగాయలు, పండ్లు అమ్ముకుంటూ మొదలైందే.

చాంగ్ వాదన సూటిగా ఉంటుంది. బ్రిటన్, అమెరికా సుంకాల గోడ చాటున పరిశ్రమలు పెంచుకుని, ఇప్పుడు ఆఫ్రికా దేశాలకు మాత్రం గోడలు తీసేయమంటున్నాయి. ఆరేళ్ళ కొడుకుని బడి మానిపించి పనికి పంపితే పోటీ అలవాటవుతుందేమో గానీ పెద్ద డాక్టరు కాలేడన్న పోలిక, ఆర్థికశాస్త్రం చదవని నాలాంటి ఇంజనీరుకి కూడా ఇట్టే ఎక్కుతుంది.

అసలు మొజాంబిక్‌లో జరిగింది కూడా ఈ వాదనకు బలమే. 1990లలో ప్రపంచబ్యాంకు ఒత్తిడితో ముడి జీడిగింజల ఎగుమతి పన్ను తగ్గించారు. గింజలు ఓడలెక్కి మన దేశానికొచ్చాయి. అక్కడి ఫ్యాక్టరీలు మూతపడి వేలమందికి పని పోయింది. పోనీ రైతు బాగుపడ్డాడా? డానీ రోడ్రిక్, మరో ఇద్దరు కలిసి వేసిన లెక్కలో సగటు రైతుకు ఏడాదికి దక్కింది సుమారు 5 డాలర్లు.

నా పేచీ ఇక్కడే. గోడ ఎందుకు కావాలో చాంగ్ బాగా చెప్తాడు. గోడ లోపల ఎవరి వాటా ఎంతన్నది అంతగా పట్టించుకోడు. మా చిత్తూరునే చూడండి. ఆయన ఆఫ్రికాను ఎక్కమనే మొదటి మెట్టు మేం ఎప్పుడో ఎక్కాం. తోతాపురి కాయను గుజ్జు చేసి ఎగుమతి చేస్తాం. అయినా 2025 సీజన్లో, నిరుటి గుజ్జే మిగిలిపోయిందని ఫ్యాక్టరీలు కొనడం తగ్గించాయి. ట్రాక్టర్లు గేట్ల ముందు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలన్నారు. ఆ ఎనిమిదీ చేతికి రావడంలేదని రైతులు మొత్తుకున్నారు. బయటి రాష్ట్రాల కాయ రాకుండా జిల్లా సరిహద్దులో గోడ కూడా కట్టారు. సిద్ధరామయ్య చంద్రబాబుకు ఉత్తరం రాశారు. కోలారు వైపు రైతులకు కూడా ఈ ఫ్యాక్టరీలే దిక్కు మరి.

కాయ కోశాక వారం ఆగదు. గుజ్జు ఏడాదికి పైగా ఆగుతుంది. ఆగగలిగినవాడు చెప్పిందే ధర. సుంకం పెంచినా తగ్గించినా ఈ బేరం మారదు. కాయ కోతకు రాకముందే రాసుకున్న ఒప్పందం, రైతులకు వాటా ఉన్న ఫ్యాక్టరీ లాంటివి ఉంటే మారొచ్చు.

ఆఫ్రికా దేశాలు 2021 జనవరి నుంచి తమలో తాము స్వేచ్ఛా వాణిజ్యం మొదలుపెట్టాయి. వాళ్ళకి ఈ పుస్తకం ఎంత అవసరమో, మా వైపు జరిగిందీ అంతే అవసరం. చాంగ్‌ని తప్పకుండా చదవండి. చదివేటప్పుడు ‘దేశం’ అన్న ప్రతి చోటా ఆ దేశంలో ఎవరు అని ఒకసారి అడగండి.