విన్నానన్న గొంతు, సవాలు విసిరిన గొంతు

2019 ఎన్నికల సభల్లో జగన్మోహన్ రెడ్డి నోట పదేపదే వినిపించిన మాట ‘నేను విన్నాను, నేను ఉన్నాను’. అయిదేళ్ళు తిరక్కుండానే అదే నోట ‘వై నాట్ 175’ వచ్చింది. యాస అదే, సాగదీసి పలికే తీరూ అదే. మొదటి మాటకు మాత్రం ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. పింఛను అందని ముసలమ్మో, అప్పులపాలైన రైతో తన గోడు చెప్పుకుంటే ఈయన విన్నాడు. పాదయాత్రలో 341 రోజులు, 3,648 కిలోమీటర్లు నడిచాక అన్న మాట కాబట్టి జనం నమ్మారు. రెండోదాంట్లో ఉన్నది అసెంబ్లీలోని మొత్తం సీట్ల లెక్క. ఆ లెక్కలో ఓటరుకు పనేముంది? 151 సీట్లిచ్చిన జనమే 2024లో 11 దగ్గర ఆపేశారు.

గొంతు మారినందుకే ఓడారని నేననను. భూమి హక్కుల చట్టం మీద భయం, గుంతల రోడ్లు, ఎదుటి కూటమి, ఇలా కారణాలు బోలెడు. కానీ అప్పటికే మండిపోతున్నవాడికి ‘వై నాట్’ అంటే ‘నీ కోపం మా లెక్కలో లేదు’ అన్నట్టే తోచింది. 2024 ఏప్రిల్‌లో జగన్ మదనపల్లెలో ‘మేమంతా సిద్ధం’ సభ పెట్టారు. అయినా ఆ సీటు కూటమిలోని టీడీపీకి పోయింది.

సవాలు సూటిగా తగిలింది చంద్రబాబు నియోజకవర్గం కుప్పానికి. 2021 నవంబరు 17న అక్కడి మున్సిపాలిటీ జగన్ పార్టీ వైసీపీ చేతికొచ్చింది. ఇక ‘వై నాట్ కుప్పం’ అన్నారు. ఫలితం వచ్చిన రెండు రోజులకే, అసెంబ్లీలో జరిగిన అవమానం చెబుతూ చంద్రబాబు మంగళగిరి పార్టీ ఆఫీసులో మైకుల ముందు వెక్కివెక్కి ఏడ్చారు. నాటకమన్నవాళ్ళూ లేకపోలేదు. అయితే గంటలకొద్దీ అంకెలు అప్పజెప్పి సొంత కార్యకర్తలకే ఆవులింతలు తెప్పించే మనిషి, మాట పెగలక చేతుల్లో మొహం దాచుకోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. విజన్ గురించిన ఉపన్యాసాలన్నీ ఒకెత్తు, ఆ కాసేపూ ఒకెత్తు. 2019లో 30,722 ఉన్న కుప్పం మెజారిటీ 2024లో 48,006కి పెరిగింది. ఒకరి ధీమా, ఒకరి కన్నీళ్ళు, రెండూ కలిసే ఆ పని చేశాయని నా లెక్క.

అలాగని గొంతే ఓటు తెస్తుందనుకుంటే ఒకసారి సదుం వైపు రావాలి. ఈ మండలంలోని ఎర్రాతివారిపల్లెకు చెందిన పుంగనూరు వైసీపీ నేత పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి వక్తేమీ కాదు. ఆయన పేరు చెబితే గుర్తొచ్చే నినాదం ఒక్కటీ లేదు. ఆయన మీద నిప్పులు చెరిగిన రామచంద్ర యాదవ్ 2019లో జనసేన తరఫున, 2024లో సొంత పార్టీ పెట్టి పుంగనూరులో నిలబడ్డారు, రెండుసార్లూ గెలవలేదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని 14 సీట్లలో 2024 గాలికి వైసీపీకి మిగిలినవి పెద్దిరెడ్డిది పుంగనూరు, ఆయన తమ్ముడిది తంబళ్ళపల్లె, అంతే.

ఊళ్ళోవాడికి నాయకుడి ప్రసంగంతో పని తక్కువ. తహసీల్దారు ఆఫీసులో కాగితం కదిలిందా, ఆపదకు మనిషొచ్చాడా అన్నదే చూస్తాడు. పెద్దిరెడ్డి మౌనాన్ని పెద్దరికమని అభిమానులు అంటారు, భయపెట్టే తీరని ప్రత్యర్థులు అంటారు. ఎవరి మాట నిజమైనా, 2019లో 43 వేలు దాటిన ఆయన మెజారిటీ 2024కి 6 వేల పైచిలుకుకు పడిపోయింది. మాట్లాడకుండా గెలిచే రోజులు పుంగనూరులోనూ అయిపోవచ్చాయి.