పొసగని చోటు పట్టుకోవడం

కొడవటిగంటి కుటుంబరావు ప్రస్తావన వస్తే చాలామంది ఆయన్ని రెండుగా చీల్చేస్తారు. ఒకవైపు ‘చదువు’ నవల, విజ్ఞానం, చరిత్ర, సినిమా, సంగీతం మీద రాసిన వందల వ్యాసాలు. రెండోవైపు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పిల్లల పత్రిక ‘చందమామ’లో చేసిన పని. మొదటిది సాహిత్యం, రెండోది జీవనోపాధి అని లెక్క. ఆ లెక్క తప్పు. వ్యాసకర్తగా అలవడిన తర్కమే ఆయన పిల్లల కథల్ని నడిపించింది. పిల్లల కోసం సానబట్టిన వాక్యమే వ్యాసాలకు ఆ తేటదనం ఇచ్చింది. బేతాళ కథలు చూడండి. సంప్రదాయంగా వచ్చినవి పాతికే. అవి అయిపోయాక కూడా పత్రిక అదే చట్రంలో ఏళ్ల తరబడి కొత్త కథలు వేసింది. విక్రమార్కుడు మోస్తున్న శవంలోని బేతాళుడు కథంతా చెప్పి, ఒక పాత్ర ప్రవర్తనలో పొసగని చోటు పట్టుకుని నిలదీస్తాడు. విక్రమార్కుడు చెప్పాల్సింది ఎవరు మంచివాళ్లన్నది కాదు, అలా ఎందుకు జరిగిందన్నది. ప్రశ్నకూ జవాబుకూ నడుమ ఆ రెండు క్షణాలు చదివే పిల్ల తనే ఆలోచించుకోవాలి. సైన్సు వ్యాసం చెయ్యాల్సిందీ అదే. ఆ కథలన్నీ ఆయనొక్కరివే కావు గానీ, వచ్చినవాటిని తిరగరాసి పత్రికంతటికీ ఒకే తీరు తెచ్చింది ఆయనే.

హేతువాది, విరసంలో (విప్లవ రచయితల సంఘంలో) ఉన్న మనిషి, పిల్లల కథల్లో దయ్యాలనూ రాజులనూ పెట్టడమేమిటని అడుగుతారు. రాజు మంచివాడైతే చాలు, రాజ్యం బాగుపడుతుందన్న భావం ఆ కథల్లో ఉంది, కాదనలేం. అయితే అక్కడ దయ్యం కూడా కారణం లేకుండా ఏ పనీ చెయ్యదు. కారణం అడిగే అలవాటు పడ్డ పిల్ల రేపు రాజునీ అడుగుతుంది.

అన్నిటిమీదా రాసేవాడికి దేనిమీదా పట్టుండదన్నది రెండో ఆక్షేపణ. కుటుంబరావు బెనారస్‌లో చదివింది భౌతికశాస్త్రం. చరిత్ర, సినిమా సొంతంగా తెలుసుకున్నవి. తెలుగులో ఒక్కో విషయానికి ఒక్కో నిపుణుడు పిల్లల కోసం కలం పట్టే రోజు ఇంకా రాలేదు. ఉదాహరణకు, మా తోటపల్లి గూడూరు మండలంలో రొయ్యల గుంటల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తెల్లవార్లూ ఎందుకు తిరుగుతాయి? నీటిలోని సన్నటి నాచు పగలు ఎండలో ఆక్సిజన్ చేస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచూ రొయ్యలూ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. ఏరేటర్లు తిరక్కపోతే తెల్లవారుజాముకు నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది, అప్పుడు రొయ్య చచ్చిపోతుంది. ఇది చెప్పడానికి ఆక్వా శాస్త్రవేత్తే అక్కర్లేదు. ఆయన్ని అడిగి, ఒక్క మెట్టూ దాటెయ్యకుండా ఆరో తరగతి పిల్లకు రాయగలిగినవాళ్లు కావాలి. మా మండలం బడులకు కావలసిన మొదటి పుస్తకం అలా రాసినదే.