వాయిదాకు యాడికి రావల్ల?

మడకశిర కోర్టు దగ్గర కొత్త కేసుతో వచ్చినవాళ్లు ప్లీడరును ముందుగా అడిగేది శిక్ష గురించి కాదు. "సార్, వాయిదాకు యాడికి రావల్ల?" అని. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నాకు అర్థమైందేమంటే, అసలు ప్రశ్న అదే.

వేరుశనగ చేని గట్టు మీద దాయాదులు కొట్టుకున్నారనుకోండి. భారతీయ న్యాయ సంహిత 115(2) కింద మామూలు దెబ్బలని రాస్తే కేసు ఇక్కడే, ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు ముందే నడుస్తుంది. అదే కొట్లాటకు 109, అంటే హత్యాయత్నం, తగిలిస్తే విచారణ సెషన్స్ కోర్టుది. మెజిస్ట్రేటు కేసు కమిట్ చేసి పైకి పంపాల్సిందే. ముద్దాయిలు, సాక్షులు కూలి పోగొట్టుకుని హిందూపురమో అనంతపురమో బస్సెక్కాల్సిందే.

అందుకే ఎఫ్ఐఆర్ చేతికి రాగానే సెక్షనునూ గాయాల సర్టిఫికెట్‌నూ పక్కపక్కన పెట్టి చదువుతాను. రెంటికీ పొంతన లేకపోతే ఛార్జ్ దశలోనే వాదించాలి. సెషన్స్ జడ్జికి అది తన కోర్టు స్థాయి నేరం కాదనిపిస్తే, ఛార్జ్ రాసి కేసును మెజిస్ట్రేటుకే తిరిగి పంపవచ్చు.

ఈ అంతరాలు ఊరికే పెట్టినవి కావు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు మూడేళ్ల వరకే జైలు వేయగలరు, చీఫ్ జుడీషియల్ మెజిస్ట్రేటు ఏడేళ్ల వరకు. సెషన్స్ జడ్జి ఉరి కూడా వేయవచ్చు గానీ హైకోర్టు ఖాయం చేసేదాకా అది అమలు కాదు. శిక్ష బరువెక్కేకొద్దీ దాన్ని తూచే చేతులు పెరగాలన్నదే ఇందులోని న్యాయం.

చిక్కల్లా దూరంతోనే. ఆంధ్ర హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది, 1956లో హైదరాబాదుకు పోయింది, 2019లో అమరావతికి వచ్చింది. మూడింటిలో ఏదీ మాకు దగ్గర కాదు. బెంగళూరు దగ్గరే, కానీ అక్కడున్నది పక్క రాష్ట్రం హైకోర్టు.

అంత దూరం పోయి అప్పీలు వేయాల్సి రావచ్చు కాబట్టి ఒక మాట గుర్తుంచుకోండి. జైలు శిక్ష పడితే తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. మెజిస్ట్రేటు తీర్పు మీద సెషన్స్‌కు అప్పీలు గడువు 30 రోజులు, సెషన్స్ తీర్పు మీద హైకోర్టుకు సాధారణంగా 60. ప్లీడరు ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు న్యాయసేవల నంబరు 15100కు ఫోన్ చేయండి. గడువు దాటనివ్వకండి.