బరువెత్తే పిల్ల వెనక

ఎచ్చెర్లకు దగ్గరలోని ఆమదాలవలస పక్క ఊరు ఊసవానిపేట. ఆ ఊరి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. నాకు మాత్రం ఆమె తల్లి శ్యామల మీదే గౌరవం ఎక్కువ. ఆ రోజుల్లో కూతుర్ని ఇనుప కడ్డీ దగ్గరికి పంపడానికి ఎంత గుండెనిబ్బరం కావాలి!

బరువులెత్తే పిల్లను సాకడం గొప్ప పనితనం. తెల్లారకముందే లేపాలి, సాధన నుంచి వచ్చేసరికి కడుపునిండా పెట్టాలి. పోటీ దగ్గరపడితే ఆ కంచాన్నే తూచి వడ్డించాలి. ఒంటి బరువు విభాగం దాటిందా, నెలల కష్టం నీళ్లపాలు. ఆ లెక్కంతా వంటింట్లోనే తేలుతుంది.

విజయనగరం జిల్లా కొండవెలగాడలో ఎన్నో ఇళ్లకు ఈ విద్య తెలుసు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో వెండి పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే.