పేరున్నవాడితో స్నేహం, ఆపైన ప్రేమ

ప్రేమ నవల చేతిలోకి తీసుకున్నవాళ్లకి ముగింపు ముందే తెలుసు. ‘రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా’ సంఘం ఇచ్చిన నిర్వచనంలో ఉన్నవి రెండే షరతులు: కథకు ప్రేమే కేంద్రం కావాలి, చివర మనసు నిండి ఆశ మిగలాలి. ఇద్దరూ కలుస్తారని తెలిసినా వందల పేజీలు చదివించాలంటే, వాళ్లని కలవనివ్వని అడ్డంకి గట్టిదై ఉండాలి. రచయిత పనితనం తేలేది అక్కడే. పామెలా రీజిస్ 2003లో ఈ ప్రక్రియ మీద రాసిన పుస్తకంలో ప్రేమ నవలకు ఎనిమిది అంగాలు చెప్పి, అందులో అడ్డంకికీ చోటిచ్చారు.

ఆస్తి, అంతస్తు, పెద్దల పట్టుదల పాతకాలపు అడ్డంకులు. స్నేహితులు ప్రేమలో పడే కథకు ఇవేవీ అక్కర్లేదు. మనసులో మాట బయటపెడితే ఉన్న స్నేహం కూడా పోతుందేమోనన్న భయం చాలు. జేన్ ఆస్టిన్ ‘ఎమ్మా’ (1815)లో నైట్లీ నాయిక ఎమ్మా ఇంటికి ఎప్పటినుంచో తెలిసినవాడు. బాక్స్ హిల్ మీద ఎమ్మా నలుగురిలో ఒక పేదరాలిని ఎగతాళి చేస్తే, ముఖం మీదే మందలిస్తాడు. మెప్పు కోసం వచ్చినవాడు ఆ పని చెయ్యలేడు. ఆమె తప్పులన్నీ ఎరిగినవాడే ఆమెను ప్రేమిస్తున్నాడని పాఠకులకు నమ్మకం కుదిరేది ఆ చీవాట్ల వల్లే.

ఇలాంటి జంట మధ్యకి కీర్తిని తెచ్చిపెడితే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఒకరి ముఖం ఊరందరికీ తెలుసు, రెండోవారిని ఎవరూ గుర్తుపట్టరు. పేరున్నవాడికి ‘వీళ్లకి కావలసింది నేనా, నా పేరా’ అన్న అనుమానం. పేరులేనివాళ్లకి ‘నన్నెందుకు ఎంచుకుంటాడు’ అన్న బెరుకు.

కర్టిస్ సిటెన్‌ఫెల్డ్ నవల ‘రొమాంటిక్ కామెడీ’ (2023) నిలబడింది ఈ చిక్కు మీదే. ‘సాటర్డే నైట్ లైవ్’ని గుర్తుచేసే ఒక టీవీ హాస్య కార్యక్రమానికి శాలీ స్కిట్లు రాస్తుంటుంది. నోవా బ్రూస్టర్ పేరుమోసిన పాప్ గాయకుడు, ఒక వారం ఆ కార్యక్రమం నడపడానికి వస్తాడు. మామూలు మగవాళ్లకి అందాల తారలు దొరుకుతారు గానీ, మామూలు ఆడవాళ్లకి అలాంటి అదృష్టం పట్టదని శాలీ ఒక స్కిట్ రాసుకుంటుంది. ఊరందరినీ నవ్వించడానికి కట్టిన ఆ సూత్రం చివరికి ఆమె కాళ్లకే బంధమవుతుంది. అడ్డంకి ఏ విలన్ నుంచో రాలేదు, నాయిక వృత్తిలోంచే, ఆమె తెలివిలోంచే పుట్టింది. ఇంత పొందికైన అడ్డంకి అరుదు.

రచయిత్రి వాడిన పద్ధతుల్లో మొదటిది పని. నోవా తను రాసుకున్న స్కిట్‌ని సరిచెయ్యమని శాలీ దగ్గరికి వస్తాడు. ఏ వాక్యం ముందుండాలి, నవ్వు ఎక్కడ పడాలి అని ఇద్దరూ తర్జనభర్జన పడతారు. ఆ గదిలో నైపుణ్యం ఆమెది, నేర్చుకునేది అతను. తొలిచూపు వలపుకి బదులు ఒకరి పనిమీద ఒకరికి గౌరవం కలుగుతుంది. రెండోది ఉత్తరాలు. 2020లో, కరోనా రోజుల్లో, ఇద్దరి మధ్య ఈమెయిళ్లు నడుస్తాయి. వేదికలు మూతపడ్డాయి, జనం లేరు, కాబట్టి కీర్తికి పనిలేదు. మిగిలింది వాక్యం. అందులో శాలీది పైచెయ్యి. జనం మధ్య ఉన్న ఎక్కువతక్కువలు కాగితం మీద తారుమారవుతాయి. మూడోది మళ్లీ ముఖాముఖి. అక్షరాల్లో కుదిరిన సమానత్వం లాస్ ఏంజిలస్‌లోని అతని ఇంట్లో నిలుస్తుందా? పాత బెరుకు మళ్లీ తలెత్తుతుంది.

ముఖం కనిపించని మాటకున్న ఈ బలం తెలుగు పాఠకులకు కొత్త కాదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో నాయకుడు రేవంత్ పేరున్న చదరంగం ఆటగాడు. అతన్ని కట్టిపడేసేది ఫోన్‌లో వినిపించే ఒక గొంతు, ఆమె విసిరే చిక్కుప్రశ్నలు. అక్కడా ఆమె ఆయుధం తెలివే. ఈ కథనే 1995లో కన్నడంలో ‘బెళదింగళ బాలె’గా తీశారు. అయితే ఆ నవల విషాదంలో ముగుస్తుంది గనుక, అమెరికా సంఘం రెండో షరతు ప్రకారం అది రొమాన్స్ లెక్కలోకి రాదు.

ఈ తరహాకి లోపాలు లేవని కాదు. నాయకుడి డబ్బు చాలా ఇబ్బందుల్ని చడీచప్పుడు లేకుండా తీర్చేస్తుంది. పేరు ఒంటరితనమన్నట్టు రాసే రచయితలు, ఆ పేరు తెచ్చే సుఖాల గురించి అంత గట్టిగా రాయరు. కథ సుఖాంతం కావాలన్న నియమం వల్ల కొన్ని గాయాలు తొందరగా మానిపోతాయి.

అయినా ముగింపు తెలిసిన కథ పాఠకుల దృష్టిని సంభాషణ మీదికి మళ్లిస్తుంది. ఎవరు ఎప్పుడు మాట మింగేశారు, ఏ హాస్యం వెనక ఏ భయం దాక్కుంది అని గమనిస్తూ చదువుతాం. వేలమంది పొగిడే మనిషికి ‘ఈ వాక్యం బాగాలేదు, మార్చు’ అనగలిగేవాళ్లు ఒక్కరు కావాలి. ఆ ఒక్కరిని ప్రేమించడం ఎంత కష్టమో, ఎంత అవసరమో ఓపిగ్గా చూపించడమే ఈ నవలల విలువ.